పాచిక పడిన పిదప: బ్యాక్‌గామన్ సమస్యాగ్రంథముల చరిత్ర

క్రీస్తుశకము 474లో కాన్‌స్టాంటినోపుల్ సింహాసనము నధిష్ఠించి, నడుమ కొంతకాలము దానిని గోల్పోయి మరల సంపాదించుకొని, 491 వరకు తూర్పు రోమక సామ్రాజ్యము నేలిన జీనో చక్రవర్తి చేసిన యుద్ధములను సంధులను నేడు చరిత్రపండితులే గాని తలచుకొనరు. ఆయన యొకనాడు వేసిన పాచికలు మాత్రము పదునైదు వందల యేండ్లుగా లోకమునకు గుర్తున్నవి. ఆయన యాడుచుండినది బ్యాక్‌గామన్‌ను పోలిన టాబులా యను రోమకక్రీడ. 24 గళ్ల పలకపై చెరి 15 కాయలతో, మూడు పాచికలతో ఆడెడి ఆ యాటలో చక్రవర్తి కాయలు చక్కగా కుదురుకొని యుండగా, పాచికలపై రెండు, ఐదు, ఆరు పడెను. పడిన పందెమును నడిపి తీరవలెను. నడుపగా, జంటలుగా నిలిచి యొకదాని నొకటి కాపాడుకొనుచుండిన కాయలు విడిపోయి, ఎనిమిది కాయలు ఒంటరివై శత్రువు వాతబడుటకు సిద్ధముగా నిలిచెను. తరువాతి శతాబ్దమున అగాథియస్ అను కవి, న్యాయవాదియు చరిత్రకారుడును అగుటచే కాబోలు, ఈ యాపదను గ్రీకు పద్యమున వర్ణించుచు ఏ గడిలో నెవరి కాయలు ఎన్ని యుండెనో వివరముగా చెప్పిపెట్టెను. ఆ పద్యము ప్రాచీన గ్రీకు పద్యసంకలనములో నిలిచియుండుటచే, 19వ శతాబ్దమున బెక్ ద ఫూకియేర్ అను ఫ్రెంచి పండితుడు ఆ ఘట్టమును మరల పలకపై పేర్చి చూపగలిగెను.

అగాథియస్ వ్రాసినది విలాపమే గాని పాఠము కాదు. ఆ పందెము పడకముందు కాయలను మరియొక రీతిగా నిలుపుకొని యుండవలసినదా, పడిన పిదపనైనను వేరొక దారి యుండెనా, ఉన్నచో ఏది మేలు అను ప్రశ్నలు ఆ పద్యములో లేవు. మహారాజున కాటలో వచ్చిన యాపద సైతము పద్యమునకు వస్తువగుటయే ఆ కవికి చాలినది. అట్టి ఘట్టమునే చేకొని, పాచికపై నిందమోపుట మాని, పందెము పడినది, ఇప్పుడు నీవేమి చేయుదువని విద్యార్థిని ప్రశ్నించు గ్రంథములు పుట్టుటకు ఇంకను వేయి సంవత్సరములకు పైగా పట్టెను. ఆ గ్రంథములు చెప్పు సమాధానములలో సత్యమేదో తేల్చు ఉపాయము దొరకుటకు ఆ పిమ్మట మరి రెండున్నర శతాబ్దములు పట్టెను.

పగడసాలను, దాయములను ఎరిగిన తెలుగువారికి బ్యాక్‌గామన్ ఆటను వివరించుట కష్టము కాదు. పలకకు ఇరువైపుల కోణాకృతితో 24 గళ్లు; చెరి 15 కాయలు; రెండు పాచికలు. ఒకరి కాయలు ఒక దిక్కుగాను రెండవవారివి ఎదురుదిక్కుగాను నడచి, తమ తమ యింటిలోని 6 గళ్లను చేరి, అచ్చటినుండి పండి వెలుపలికి వచ్చును; ఎవరి కాయలన్నియు ముందు పండునో వారిది గెలుపు. ఒక గడిలో రెండు కాయలు కూడినచో అది కట్టుబడిన స్థానము, శత్రువు దానిపై అడుగు పెట్టరాదు. ఒంటికాయ నిలిచినచో ఎదుటివాడు దానిని చంపును. చచ్చిన కాయ మొదటినుండి మరల నడువవలెను. నియమము లింతియే. అయినను ఎచ్చట ధైర్యముగా ఒంటికాయను నిలుపవలెను, ఎచ్చట ముడుచుకొని కూర్చుండవలెను, ఏ కాయను వెనుక నుంచవలెను, ఏ కాయను పరుగెత్తింపవలెను అను విచారములో పండితులు జీవితములను గడపిరి.

చదరంగమున ఓడినవాడు తన యోటమికి కారణమును తన యెత్తులలోనే వెదకికొనవలెను. వెదకినచో అది యెచ్చటనో దొరకును, మరునాడు ఆ తప్పు చేయకుండుటకు వీలు కలుగును. పాచికల యాటలో అనుభవ మను గురువు అంతటి సత్యసంధుడు కాడు. తగిన నడక నడిపినవాడు 36 వంతులలో ఒక్క వంతుగా పడు పందెముచే నాశనమగుటయు, అవివేకముగా నడిపినవాడు అదే పందెముచే గెలిచి తన నడకయే సరియైనదని జీవితాంతము నమ్ముటయు నిత్యము జరుగునదే. ఏండ్లతరబడి ప్రతిదినము ఆడియు మొదటి యేటి పొరపాట్లను విడువని ఆటగాండ్రు ప్రతి దేశమునను కానవచ్చుచున్నారు. తెలివి లేక కాదు, వారి తప్పును తప్పని చెప్పు సాక్షి యెవడును వారికి లభింపకపోవుట వలన. ఆట ఫలితము అబద్ధమాడు సాక్షి. సమస్యాగ్రంథముల చరిత్ర యంతయు, నా దృష్టిలో, ఫలితముకంటె నమ్మదగిన సాక్షిని వెదకిన చరిత్ర.

ఈ క్రీడయందు బుద్ధికెంత, దైవమునకెంత అను విచారము ప్రాచీనులకు లేకపోలేదు. పహ్లవీ భాషలో నిలిచిన ఒక చిన్న గ్రంథము చెప్పు కథ యిది: భారతదేశపు రాజొకడు 16 పచ్చలకాయలు 16 కెంపుకాయలు గల చదరంగమును పారసీక చక్రవర్తి ఖుస్రూ అనూషిర్వానునకు పంపి, దీని మర్మమును విప్పుడు, లేనిచో కప్పము కట్టుడని సవాలు చేసెను, మంత్రి బుజుర్గ్‌మిహ్ర్ ఆ మర్మమును విప్పుటయే గాక, నర్దు అను క్రొత్త ఆటను తాను కల్పించి భారతదేశమునకు తీసికొనిపోగా ఇచ్చటి పండితులు దానిని విప్పలేకపోయిరి. నర్దులోని 30 కాయలు మాసములోని 30 అహోరాత్రములనియు, పాచికల తిరుగుడు నక్షత్రగతియనియు ఆ గ్రంథము వర్ణించును. ఫిరదౌసి షానామాలోను ఈ కథకు చోటు దొరకినది. దీనిని చరిత్రముగా నమ్మ నవసరము లేదు. కాని బ్యాక్‌గామన్‌కు పూర్వరూపమగు నర్దు పారసీకుల దృష్టిలో గ్రహగతికి ప్రతిబింబమైనదనియు, గ్రహగతిని అభ్యాసముతో జయింపవచ్చునని తలచువా డుండడు గావున ఆ యాటకు పాఠము లేర్పడుట ఆలస్యమైనదనియు ఊహించుట అసంగతము కాదు. 9వ శతాబ్దమున ఖలీఫాల ఆస్థానములో ప్రసిద్ధుడైన అల్ అద్లీ చదరంగముపైనను నర్దుపైనను గ్రంథములు వ్రాసెనని ఇబ్న్ అల్ నదీమ్ గ్రంథసూచి చెప్పుచున్నది. చదరంగమునకు మన్సూబా లను సమస్యాఘట్టములు వందలకొలది వ్రాతప్రతులలో చేతులు మారుచు నిలిచినవి. నర్దునకు అట్టి సంపద దక్కలేదు.

ఈ భేదము 1283లో సెవిల్లా నగరమున పూర్తియైన ఒక మహాగ్రంథములో ప్రత్యక్షముగా కానవచ్చును. కాస్టీలు రాజగు పదియవ అల్ఫాన్సో చదరంగము, పాచికలు, బ్యాక్‌గామన్ జాతికి చెందిన పలకయాటలు అను మూడింటిపైన వ్రాయించి చిత్రములతో అలంకరింపజేసిన ఆ పుస్తకము నేడు ఎస్కోరియల్ గ్రంథాలయమున భద్రముగా నున్నది. దాని పీఠికలోని కథ భారతదేశమునకు సంబంధించినదే. ఒక భారతరాజు తన యాస్థానములోని ముగ్గురు పండితులను బుద్ధి గొప్పదా అదృష్టము గొప్పదా యని యడుగగా, బుద్ధి గొప్పదన్నవాడు చదరంగమును, అదృష్టము గొప్పదన్నవాడు పాచికలను తెచ్చి చూపిరి. రెండును కూడిననే లోకయాత్ర సాగునని, వచ్చిన అదృష్టమును బుద్ధితో నడుపుకొనుటయే మేలని చెప్పిన మూడవవాడు పలకయాటను తెచ్చెను. ఆ మూడవ పండితుని పలుకు ఈ క్రీడాతత్త్వమునంతయు చెప్పినది. కాని గ్రంథము లోపలికి పోయి చూచినచో, చదరంగభాగమున 103 సమస్యలు, ఏ యెత్తుతో ఎట్లు ముగియవలెనో పరిష్కారములతో సహా నిలిచియున్నవి. పలకయాటల భాగమున నున్నవి ఆటలే, వాని నియమములే. వచ్చిన పందెమును బుద్ధితో నడుపుమని పీఠిక చెప్పినది గాని, ఎట్లు నడుపవలెనో నేర్పు ఘట్టములను పేర్చియిచ్చువాడు ఆ కాలమున పుట్టలేదు.

పాచికలలో గణితవిద్య యొకటి దాగియున్నదని గ్రహించుటలో మనవారు వెనుకబడినవారు కారు. నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథము సాగుచుండగనే తాండ్రచెట్టు ఆకులను కాయలను లెక్కించి చెప్పుటయు, నలుడు చెట్టు నరికి లెక్క సరిచూచుకొనుటయు, ఆ గణనశక్తియు అక్షహృదయమును ఒక్కటియే విద్యకు రెండు ముఖములని తెలిసి నలుడు దానిని గ్రహింపగా కలి అతనిని విడుచుటయు మనకు సుపరిచితములు. జూదమున రాజ్యము గోల్పోయినవాడు శోకముచేతను ప్రార్థనచేతను గాక లెక్క నేర్చి బాగుపడుట ఆ కథలోని విశేషము. అయితే అక్షహృదయము మంత్రమువలె ఒకరినుండి యొకరికి సంక్రమించెనే గాని గ్రంథముగా రూపొందలేదు. చదరంగమునకు మాత్రము మనదేశమునను అట్టి గ్రంథము పుట్టినది. 1814లో బొంబాయియందు తిరువేంగడాచార్య శాస్త్రి అనువారు, సంస్కృతమునుండి తెచ్చి, నేర్చుకొనువారి బుద్ధిని పదునుపెట్టు క్లిష్టఘట్టముల సంపుటి నొకదానిని ఆంగ్లభాషలో అచ్చొత్తించిరి. ఆటను మొదటినుండి చివరివరకు వర్ణింపక, ఎంచిన ఘట్టములతో విద్యార్థిని పరీక్షింపవలెనను తలంపు ఐరోపాకే పరిమితము కాదనుటకు అది సాక్ష్యము.

పాచికల లెక్క ఐరోపాలో గణితవేత్త కార్దానోతో ఆరంభమై, 1654లో పాస్కల్, ఫెర్మాల నడుమ నడచిన లేఖలతో శాస్త్రమైనది. ఆ శాస్త్రమును పలకపైకి దింపినవాడు ఎడ్మండ్ హాయిల్. లండను నగరమున పెద్దమనుష్యులకు విస్ట్ అను పేకాట నేర్పి జీవించుచు, 1742లో దానిపై పుస్తకము ప్రకటించి ఖ్యాతిగాంచిన ఈయన, మరుసటి సంవత్సరమే బ్యాక్‌గామన్‌పై ఒక చిన్న గ్రంథమును వెలువరించెను. రెండు పాచికలు 36 విధముల పడునని చూపి, ఒంటికాయ శత్రువునకు ఎంత దూరమున నుండిన ఎన్ని విధముల చావగలదో లెక్కగట్టుట అందులోని సారము. ఒక గడి దూరమున నున్న కాయను 36లో 11 విధములు, రెండింటి దూరమున 12, మూడింట 14, నాలుగింట 15, ఐదింట 15, ఆరింట 17 విధములు చంపగలవు. ఏడు గళ్ల దూరమునకు పోయినచో ఆ సంఖ్య ఒక్కసారిగా 6నకు పడిపోవును. శత్రువునకు దగ్గరగా నున్నకొలది ప్రమాదము హెచ్చునని తలచు క్రొత్తవానికి, ఆరు గళ్ల దూరముకంటె ఒక గడి దూరమే క్షేమమని ఈ లెక్క తెలుపుట ఎంతటి యాశ్చర్యము! హాయిల్ కొన్ని ప్రత్యేక సందర్భములను గూడ చెప్పి, ఇట్టిచోట నెట్లాడవలెనని వివరించినాడు. సంఖ్యాబలముతో తేల్చదగిన వానిని ఆయన తేల్చెను. సంఖ్యకు లొంగని వానిని ఆయన మాటపైననే జనము నమ్మిరి. ఆ నమ్మకము నూటయేబది యేండ్లకు పైగా చెక్కుచెదరలేదు.

1920లలో న్యూయార్కు క్లబ్బులలో పేరు తెలియని యొక ఆటగాడు పందెమును రెట్టింపుచేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. 2, 4, 8, 16, 32, 64 అను అంకెలు చెక్కిన ఘనమొకటి పలకప్రక్కన చేరెను. తనది పైచేయి యని తోచినవాడు ఆ ఘనమును ద్రిప్పి పందెము రెట్టింపగునని చెప్పును. ఎదుటివాడు ఒప్పుకొని రెట్టింపునకు ఆడవలెను, లేదా అప్పటి పందెము నిచ్చి లేచిపోవలెను. ఒప్పుకొనుట ఎప్పుడు తగును? నాలుగు ఆటలను ఊహింపుడు. నాలుగింటను లేచిపోయినచో నష్టము 4. నాలుగింటను ఒప్పుకొని మూడోడి యొకటి గెలిచినచో, పోయినది 6, వచ్చినది 2, నికరనష్టము అదే 4. కావున నాలుగింట నొకవంతు గెలుపునకు ఆశయున్నచో ఒప్పుకొనుటయే న్యాయము. సగముకంటె ఎంతో తక్కువ అవకాశముతో రెట్టింపు పందెమునకు తలయొగ్గుట సాహసముగా తోచునే గాని లెక్క తెలిసినవానికి అది కర్తవ్యము. ఆ ఒక్క ఘనముతో ప్రశ్నయొక్క స్వభావమే మారినది: ఏ కాయను నడుపవలెనని మాత్రమే గాక, ఈ క్షణమున నా గెలుపు ఎన్ని పాళ్లని గూడ ఆటగాడు చెప్పగలుగవలసి వచ్చెను. 1930 ప్రాంతమున అమెరికాలో బ్యాక్‌గామన్ పుస్తకములు గుంపుగా వెలువడెను, 1931లో న్యూయార్కు రాకెట్ అండ్ టెన్నిస్ క్లబ్బు నియమావళిని స్థిరపరచెను. ఆ పిమ్మట ఉత్సాహము చల్లారెను.

దానిని మరల రగిల్చినవాడు అలెక్సిస్ ఒబలెన్‌స్కీ యను రష్యా రాజవంశీకుడు. 1964లో బహామా ద్వీపములలో ఆయన అంతర్జాతీయ పోటీలకు నాంది పలికెను. 1970లో జాకోబీ, క్రాఫర్డుల పుస్తకమును, 1976లో పాల్ మాగ్రియల్ గ్రంథమును వచ్చినవి. మాగ్రియల్ న్యూవార్కు ఇంజనీరింగ్ కళాశాలలో గణితము బోధించినవాడు. చదువుకొనుటకు ఆయన అవలంబించిన పద్ధతి యీ చరిత్రలో వింతయైనది: ఎక్స్-1 మొదలు ఎక్స్-64 వరకు 64 మంది కల్పిత ఆటగాండ్రను ఏర్పరచి, అందరి పక్షమునను తానే ఆడి పెద్ద పోటీని జరిపెను; అందులో గెలిచిన ఎక్స్-22 అను పేరే ఆయనకు బిరుదమై నిలిచెను. ఓటమియు గెలుపును రెండును తనవే యగునప్పుడు పాచికపై కోపమునకు తావులేదు. మిగులునది నడకల విచారమొక్కటియే. ఆయన గ్రంథము గొప్పదనము సమాధానములు చెప్పుటలో గాక, సమాధానమునకు దారితీయు ప్రశ్నలను క్రమపరచుటలో నున్నది. సాహసింపవలెనా, జాగ్రత్తపడవలెనా యను సందేహము వచ్చినపుడు మనస్సునకు తోచినట్లు పోక, శత్రువు ఇంటిలో ఎన్ని స్థానములు కట్టుబడినవి, ఆ యింటిలో మనకు నిలువనీడగా నొక జంట కలదా, మన కాయలు ఇదివరకే ఎన్ని వెనుకబడియున్నవి అని చూడుమని ఆయన నేర్పెను. శత్రువు ఇల్లు బలముగా నున్నచో జాగ్రత్త. మనకు అచ్చట జంట కుదిరియున్నచో సాహసము. వెనుకబడిన కాయలు పెక్కులైనచో పోవుటకు మిగిలినది తక్కువ గావున మరియు సాహసము. 1978లో ఆయన లోకవిజేత యయ్యెను.

అదే సంవత్సరమున బార్‌క్లే కుక్ 168 సమస్యల సంపుటిని ప్రకటించెను. శుద్ధమైన సమస్యాగ్రంథమన్న మాటకు తగిన ఆ పుస్తకములో చిత్రము, పందెము, ప్రశ్న, పరిష్కారము అను క్రమము కుదిరినది. అయితే పరిష్కారము సరియని యెవరు చెప్పవలెను? గ్రంథకర్త ఖ్యాతియే ప్రమాణము. ఇద్దరు పండితులు విభేదించినచో తీర్పు చెప్పు న్యాయస్థానము క్లబ్బులోని బల్లయే: వివాదగ్రస్తమైన ఘట్టమును పేర్చి, నీ పక్షము నీవాడుము, నా పక్షము నేనాడుదునని ధనమొడ్డి, ఆట ముగియగానే మరల అదే ఘట్టమును పేర్చి, రాత్రి తెల్లవార్లు ఆడి, చివరకు ధనమెవరి వైపు మొగ్గెనో చూచెడివారు. పంతము లేని విద్యార్థులు ఒంటరిగా గదిలో కూర్చుండి ఇదే పనిని కాగితముపై లెక్క వ్రాసికొనుచు వందలసార్లు చేసెడివారు. ఫలితము ఒక్కసారి చెప్పిన అబద్ధమును వందసార్లు అడిగి సరిచూచుకొనుటయే ఈ శ్రమకు అర్థము. ఆ ఓర్పునకు నేను నమస్కరించుచున్నాను. కాని దగ్గరదగ్గరగా నున్న రెండు నడకల తారతమ్యమును తేల్చుటకు వందలు చాలవు, వేలు కావలెను. మనుష్యుని చేతులకు అది శక్యము కాదు.

బిల్ రాబర్టీ ఈ సాహిత్యమునకు చదరంగపు క్రమశిక్షణను తెచ్చెను. చదరంగమున ప్రవీణుడై, ఆ విద్యలో వ్యాఖ్యానగ్రంథము లెట్లుండునో యెరిగిన ఈయన, 1981 మాంటే కార్లో పోటీలలో లీ జెనుడ్, జో డ్వెక్‌ల నడుమ జరిగిన తుదిపోరును ఎత్తువెంట నెత్తుగా వ్యాఖ్యానించి గ్రంథముగా ప్రకటించెను. తానును 1983లో, మరల 1987లో లోకవిజేత యయ్యెను. సమస్యలతోనే నిండిన ఆయన పెద్ద గ్రంథము 1991 నాటి రెండవ కూర్పున రెండు సంపుటములై 400 సమస్యలకు పెరిగెను. దాని యందలి మేలు వర్గీకరణమే. ఒక జాతి ఘట్టములు వరుసగా నిలిచి, ఒకదానికిని మరియొకదానికిని ఒక్క కాయ స్థానము మాత్రమే భేదించి, ఆ భేదముతో సమాధానము ఎట్లు తారుమారగునో విద్యార్థికి కంటికి కట్టినట్లు చూపును. నాలుగు వందల విడి సమాధానములను కంఠస్థము చేసినవానికి నాలుగు వందల యొకటవ ఘట్టము వచ్చినపుడు దిక్కుతోచదు. ఒక్క జతను తుదివరకు ఆలోచించి, ఏది మారుటచే సమాధానము మారెనో తెలిసికొన్నవానికి ఆ జాతి యంతయు వశమగును.

ఈలోగా యంత్రములు వచ్చెను. 1979 జూలైలో మాంటే కార్లోలో హాన్స్ బెర్లినర్ నిర్మించిన కంప్యూటరు కార్యక్రమము నాటి లోకవిజేత లుయీజీ విల్లాను 7–1 తేడాతో ఓడించినపుడు పత్రికలు నివ్వెరపోయెను. బెర్లినర్ శాస్త్రజ్ఞుడు, ఆయన ఆ యాటలను తీరికగా పరీక్షించి, విల్లా నడకలే మేలైనవనియు తన యంత్రము పెక్కుచోట్ల తప్పుగా నడిచెననియు, గెలిపించినవి పాచికలేననియు స్వయముగా ప్రకటించెను. గెలిచినవాడు తన గెలుపు తనది కాదని చెప్పుట కంటె ఈ విద్యకు నిదర్శనమేమి కావలెను? అటుపై పదునైదేండ్లలోపల ఐ.బి.ఎం. సంస్థలో జెరాల్డ్ టెసౌరో వేరొక మార్గమున నడచెను. పండితుల సూత్రములను బోధించుటకు బదులు, యంత్రమును దానితోనే ఆడించి, ప్రతి నడక పిదపను దాని యంచనాలను సరిదిద్దుకొననిచ్చెను. టి.డి. గామన్ అను పేరు గల ఆ యంత్రపు తొలి రూపము, 3 లక్షల ఆటలు ఆడిన పిదప, రాబర్టీ, మాగ్రియల్ మొదలగువారితో 51 ఆటలాడి 13 పాయింట్లు గోల్పోయెను. 15 లక్షల ఆటలాడిన రూపము రాబర్టీతో 40 ఆటలాడి ఒక్క పాయింటు మాత్రమే వెనుకబడెను. ఎక్స్-22 ఒంటరిగా చేసిన తపస్సే ఇచ్చట లక్షల పర్యాయములు జరిగినది.

పుస్తకముల మాట చెల్లని దినము వచ్చెను. 1994లో ఫ్రెడ్రిక్ డాల్ రచించిన జెల్లీఫిష్, తరువాత స్నోవీ, గ్నూ బ్యాక్‌గామన్, 2009లో ఎక్స్‌ట్రీమ్ గామన్ అను కార్యక్రమములు సామాన్యుని బల్లపైకి చేరి, పూర్వులు రాత్రులు మేల్కొని వందలసార్లు ఆడిన ఘట్టమును నిమిషములలో వేలసార్లు ఆడి చూపెను. 1970ల గ్రంథములలోని పెక్కు సమాధానములు తప్పని తేలెను. 1996లో కిట్ వూల్సీ, హాల్ హైన్రిచ్‌లు కలిసి వెలువరించిన పుస్తకమున ప్రవీణుల ఆటలనుండి తీసిన ఘట్టములకు యంత్రము తీర్పు చెప్పినది. తీర్పు తన ఊహకు విరుద్ధమైన చోట్ల వూల్సీ ఎందుచేతనని వెదకి వివరించినాడు. ఈ పుస్తకమును నేను మిగుల గౌరవింతును. యంత్రము సంఖ్యను చెప్పును, కారణమును చెప్పదు. కారణము లేని సంఖ్య మరునాటి యాటలో తోడురాదు. సమస్యాగ్రంథమునకు యంత్రము వచ్చిన పిదపను పని మిగిలియున్నది ఇందువలననే.

ఈ దీర్ఘచరిత్రనుండి చదువుపద్ధతి యొకటి దానంతట తానే రూపొందినది. ప్రవీణుల నడుమ దానిపై పెద్దగా వివాదము లేదు. పరిష్కారమును కప్పియుంచి, నిజమైన ఆటలో నెంత సేపు ఆలోచింతురో అంతసేపే ఆలోచించి, నడకను నిర్ణయించుకొని, దానికి కారణమును ఒక వాక్యముగా కాగితముపై వ్రాయవలెను. వ్రాయుట ముఖ్యము, వ్రాయనివాడు పుట త్రిప్పగానే నేనును అదే యనుకొంటినని తన్నుతాను మోసగించుకొనును. నడక సరియై కారణము తప్పైనచో ఆ సమస్య తప్పిన లెక్కలోనిదే, ఏలయన అది పాచిక తెచ్చిన గెలుపు వంటిది. నడక తప్పినచో ఎంత తప్పినదో చూడవలెను: అన్నిటికంటె మేలైన రెండు నడకల నడుమ వెంట్రుకవాసి భేదము గలచోట మనస్సు పాడుచేసికొనక, ఘోరముగా తప్పినచోట ఆగి, పలకపై నిజముగా కాయలు పేర్చి, ఒక్క కాయను అటునిటు జరిపి సమాధానము ఎప్పుడు మారునో కనుగొనవలెను. తప్పినవానిని వేరుగా గుర్తించి కొన్ని వారముల పిదప మరల ఎదుర్కొనవలెను. రోజునకు ఇరువది సమస్యలను తిరుగవేయుటకంటె మూడింటిని ఇట్లు మథించుట మేలని నా దృఢవిశ్వాసము. ప్రాతపుస్తకములను తప్పులున్నవని పారవేయువారితో నేను ఏకీభవింపను. కుక్ సమస్యలను ఎదుట పెట్టుకొని, ఆయన సమాధానమును చదివి, యంత్రము తీర్పును చూచి, అంతటి ఆటగాని తర్కము ఏ మెట్టున జారినదో పట్టుకొనగలిగిన విద్యార్థికి, సరియైన సమాధానములు మాత్రమే గల గ్రంథము ఈయజాలని విద్య లభించును.

ఆట ఆరంభమున 2-1 పడినపుడు ఏమి చేయవలెనను చిన్న ప్రశ్నను ఇందుకు ఉదాహరణముగా తీసికొందము. మాగ్రియల్ కాలపు నడక సాహసవంతమైనది: గళ్లను తన యింటి కొననుండి లెక్కించినచో, 13వ గడినుండి ఒక కాయను 11కు దింపి, 6వ గడినుండి ఒకదానిని 5వ గడిలో ఒంటరిగా నిలుపుట. శత్రువు కాయలు నాలుగు గళ్ల దూరమున నున్నవి గావున 36లో 15 పందెములు దానిని చంపును. మిగిలిన 21 పందెములలో ఏది పడినను మరుసటి పర్యాయము ఆ కాయకు తోడు తెచ్చి, పలకపై మిగుల విలువైన 5వ గడిని కట్టుకొనుటకు మంచి అవకాశము కలుగును. 4-1, 5-1 పడినను 5వ గడిలో ఒంటికాయను నిలుపుట నాటి యాచారము. టి.డి. గామన్ ఈ మూడింటను ఆ సాహసమును నిరాకరించి, వెనుకనున్న రెండు కాయలలో నొకదానిని ఒక్క గడి ముందుకు జరుపుటయే మేలనగా, ప్రవీణులు కొన్నియేండ్లలోనే తమ యలవాటును మార్చుకొనిరి. తరువాత వచ్చిన, అంతకంటె బలమైన కార్యక్రమములు అదే ప్రశ్నను మరల ఎన్నో వేలసార్లు ఆడి చూచినవి. 4-1, 5-1ల విషయమున టెసౌరో యంత్రము తీర్పే నిలిచినది. 2-1 విషయమున మాత్రము రెండు నడకలును ఇంచుమించు సమానములని తేలి, మాగ్రియల్ పుటలోని పాత నడక నేటి పోటీలలో మరల కనిపించుచున్నది.